అర చరణం వెనక

మా మామ పిళ్ళప్ప చెవులతో నాకు మొదటినుంచీ పేచీనే. ఆయనకు వినపడదని కాదు, అవసరానికి మించి వినపడుతుంది. వంటింట్లో పాలు పొంగబోతున్నాయని వీధి అరుగు మీద కూర్చొని చెబుతాడు. నా గిటారు తీగ ఒకటి వెంట్రుకవాసి దిగితే, చేలో నీళ్ళు కడుతున్నా అక్కడినుంచే "దిగిందప్పా" అని కేకేస్తాడు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు ఇలాంటి ఇంటికి ఇల్లరికం రాకూడదు. కానీ ఆయన కూతురు వినుత నచ్చింది, నేను వచ్చేశాను.

మాది కర్ణాటకలో చింతామణి. అత్తగారి ఊరు మంచేనహళ్ళికి రెండు మైళ్ళు. రాగులు, మొక్కజొన్న, ఇంటికి రెండో మూడో సీమ ఆవులు. ఆ ఊళ్ళో గడియారం కన్నా పాల డైరీకి విలువ ఎక్కువ. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి ఊరంతా పాలక్యాన్లతో డైరీ ముందు వరుసకట్టి నిలబడుతుంది. సాయంత్రం ఆరు దాటితే పాలవ్యాను వెళ్ళిపోతుంది, ఎవరు బతిమాలినా ఆగదు. ఆ డైరీలో పాలు పరీక్ష చేసేది మా ఆవిడే. ఇంట్లో కూడా ఆమె పరీక్షకు నిలబడకుండా తప్పించుకున్నది ఏదీ లేదు, నాతో సహా.

డైరీ వేళకు లొంగకుండా ఊళ్ళో నడిచేది ఒక్కటే, మామ చేసే ఏకాహం. శ్రావణమాసం మొదటి శనివారం పొద్దు పొడవగానే భజన మందిరంలో దీపం పెట్టి రామనామం ఎత్తుకుంటే, ఆదివారం పొద్దు పొడిచేదాకా అది తెగకూడదు. తాళాలు, మద్దెల లెక్కలోకి రావు. మనిషి గొంతే లెక్క. ఒకరు నామం చెబుతారు, మిగిలినవాళ్ళు తిరిగి అంటారు, మళ్ళీ ఆయన అందుకుంటాడు. మనుషులు మారొచ్చు, నామం మాత్రం ఆగకూడదు. ఆ రోజంతా మామ మందిరం గడప దాటడు. అలా ముప్పై ఒక్క ఏళ్ళు నడిచింది.

ముప్పై రెండో ఏడు, అంటే 2007లో, తెగింది. సాయంత్రం ఐదున్నర. ఊరంతా డైరీ దగ్గర ఉంది. మందిరంలో మిగిలినవాళ్ళు మామ, ఆయన స్నేహితుడు నంజప్ప, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు. మామ నామం ముగించాడు, నంజప్ప అందుకునేలోపల ఒక్క ఊపిరి సేపు ఖాళీ. నేను మైకు పక్కనే ఉన్నాను, నాకేమీ తెలియలేదు. అక్కడ ఎవరికీ తెలియలేదు. మామ మాత్రం తాళాలు కింద పెట్టి "తెగింది" అన్నాడు. ఎంతమంది చెప్పినా వినకుండా దీపం తన చేత్తోనే కొండెక్కించాడు.

ఆ సాయంత్రం నుంచి స్నేహితులిద్దరికీ మాటల్లేవు. నంజప్ప ఊపిరి కోసం నామం మింగాడని మామ అన్నాడు. ముప్పై రెండేళ్ళుగా ఇదే ఊపిరి, ఇప్పుడు కొత్తగా ఏం జబ్బు వచ్చిందని నంజప్ప అన్నాడు. మామ ఇంకో మాట కూడా అన్నాడు.

"వచ్చే ఏడు గూడా తెగితే మందిరం బీగంచెవి ఊరోళ్ళ చేతికిచ్చేస్తా. ఇంగ నా నోటితో నామం ఎత్తను."

అన్నాడంటే చేస్తాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి ఏడాదంతా చిన్నబోయిన మొహంతో తిరగడం నాకు కష్టంగా ఉండేది. పాలు పొంగిపోతున్నా అరుగు మీదినుంచి కేక వచ్చేది కాదు. మా అత్తగారి వంటింట్లో రెండుసార్లు పాలు పొయ్యి పాలయ్యాయి.

మరుసటి ఏడు ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక ఖాళీగా ఉన్నప్పుడు బెంగళూరు వెళ్ళి సెకండ్‌హ్యాండ్‌లో ఒక లూపర్ కొన్నాను. కాలి కింద పెట్టుకునే చిన్న పెట్టె. పెడల్ ఒకసారి తొక్కితే మనం పాడింది పట్టుకుంటుంది, ఇంకోసారి తొక్కితే అదే పాటను ఆపమనేదాకా తిప్పితిప్పి పాడుతుంది. ఒక్కడే నలుగురిలా వాయించవచ్చని కొన్నాను గానీ, బస్సులో వస్తూ ఉంటే మామ గుర్తొచ్చాడు. పాలవేళకు అర నిమిషం నామం ఇందులో పట్టి, గాయకుల గొంతుల కింద తిప్పుతూ ఉంటే చాలు. వాళ్ళు ఊపిరి పీల్చుకున్నా పెట్టె పాడుతూనే ఉంటుంది.

"మిషను భజన చేస్తే పుణ్యం కరెంటాఫీసుకు పోతాది," అంది వినుత.

మామ తిడతాడనుకున్నాను. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"తెగకుండా పాడతాదా?"

"పాడతాది మామా."

"అయితే పెట్టప్పా, చూస్తాం."

అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఆయన ఎంత దిగులుపడి ఉన్నాడో అప్పుడు తెలిసింది. ఆషాఢం మొదటి శనివారం సాయంత్రం మందిరంలో మైకు పెట్టి, పాలవేళకు మిగిలే ఆ ముసలివాళ్ళ చేతనే పాడించి, అర నిమిషం పట్టాను. నంజప్ప వచ్చాడు గానీ మామ వైపు చూడలేదు. పెడల్ తొక్కాను. పెట్టె చక్కగా ఎత్తుకుంది, చక్కగా పాడింది, నామం చివర చక్కగా ఆగిపోయి మళ్ళీ ఎత్తుకుంది.

"తెగిందప్పా," అన్నాడు మామ.

నేను అందరి మీదా పడ్డాను. ఒకరి తరవాత ఒకరు ఊపిరి తీసుకోండి, అందరూ ఒక్కసారే తీసుకుంటే నా పెట్టె ఏం చేస్తుంది అని దులిపేశాను. నాకు కోపం తొందరగా వస్తుంది, పోయేది మాత్రం నిదానంగా. మామ ఆ కోపాన్ని పట్టించుకోకుండా మళ్ళీ తొక్కమన్నాడు. కళ్ళు మూసుకొని విన్నాడు.

"ఇది మనుషుల ఖాళీ గాదు అమరనాథా. మనుషులు నోరు మూస్తే మందిరంలో ఫ్యాను ఉంటాది, పిచ్చుక ఉంటాది. దీంట్లో ఏమీ లేదు. ఎవురో తలుపేసినట్ల ఉండాది."

నిజమే. చెవి పెట్టి వింటే ఆ ఖాళీలో ఫ్యాను చప్పుడు కూడా లేదు. మర్నాడు బెంగళూరు షాపువాడికి ఫోన్ చేసి విషయం చెబితే, వాడు కన్నడంలో నవ్వుతూ, మీ మామగారు చెప్పింది సరిగ్గా అదే అన్నాడు. ఆ పెట్టెలో గేటు అని ఒకటి ఉంటుందట. కరెంటు గుయ్యిమనే చప్పుడు జనానికి వినపడకుండా, చిన్న శబ్దాలన్నిటినీ గోల కింద జమకట్టి తలుపు మూస్తుంది. గట్టిగా పాడితేనే తెరుస్తుంది. దాన్ని తగ్గించే మీట పక్కన ఉంటుంది చూడండి అన్నాడు. చూశాను. మీట ఉండాల్సిన చోట చిల్లు ఉంది. పెట్టె తెచ్చిస్తే నెల రోజుల్లో బాగుచేసి ఇస్తానన్నాడు. శ్రావణానికి నెల కూడా లేదు.

తలుపు మూసుకోకుండా ఏదైనా అడ్డం పెట్టాలనుకున్నాను. మైకు దగ్గర సన్నగా ఏదో ఒక చప్పుడు ఆగకుండా వస్తూ ఉంటే గేటు తెరుచుకునే ఉంటుంది కదా. రెండో శనివారం ఒక రేడియో తెచ్చి, ఏ స్టేషనూ రాని చోట ముల్లు ఆపి, ఆ హోరును మైకు పక్కన పెట్టాను. గేటు లొంగింది. కానీ మేము పట్టే ఆ అర నిమిషంలోనే రేడియో ముల్లు జరిగి కన్నడ రైతుల కార్యక్రమం మీద పడింది. ఆ తరవాత పెట్టెను తిప్పితే, రామనామం మధ్యలో ప్రతి అర నిమిషానికీ పశువుల గాలికుంటు టీకా గురించి ఒక డాక్టరు చెప్పసాగాడు. నంజప్ప పడీపడీ నవ్వాడు. మామ కూడా నవ్వబోయి, నంజప్ప నవ్వుతున్నాడని గుర్తొచ్చి మానేశాడు.

ఇంటికొచ్చి పెట్టెను మంచం మీద విసిరేశాను. వినుత దాన్ని తీసుకొని, పాల సీసాను చూసినట్టు వెలుగులో పెట్టి చూసింది.

"ఈ చిల్లులో ఏముండాదో చూసినావా?"

"ఏముంటాది, చిల్లు."

"లోపల చిన్న గాడి ఉండాది. మీట ఊడిపోయినాది గానీ కాడ ఉండాది."

జడలోంచి పిన్ను తీసి, మొన గాడిలో పెట్టి, ఎడమకు చివరిదాకా తిప్పింది. వారం రోజులుగా నేను ఊరందరినీ తిట్టిన పని ఆమెకు అర నిమిషం పట్టింది. ఆ సంగతి ఆమె ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

మూడో శనివారం గేటు తీసేసి పట్టాను. ఈసారి మామ రెండుమూడు చుట్లు విని, "గుయ్యిమంటాది, పోనీలే. తెగలేదు," అన్నాడు. ఆయన మొహంలో కొంచెం వెలుగు వచ్చింది. నాకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. గేటు ఉన్నప్పుడు తెగింది, తీస్తే తెగలేదు. అంటే ఆ ఖాళీలో ఫ్యాను, పిచ్చుక కాకుండా ఒక గొంతు కూడా ఉండాలి. ఆ గొంతు ఎవరిది?

ఆదివారం పొద్దున హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చున్నాను. కరెంటు మోత, దాని మీద ఫ్యాను, ఎవరివో గాజుల చప్పుడు. నంజప్ప నామం ముగించి ఊపిరి తీసుకున్నాడు, తక్కినవాళ్ళూ తీసుకున్నారు. సరిగ్గా అక్కడ, దారం అంత సన్నగా, ఒక ఆడగొంతు అందరూ ముగించేసిన చరణాన్ని ఇంకా పాడుతూ ఉంది. వీళ్ళు మళ్ళీ ఎత్తుకున్నాక, మధ్యలో, ఎవరికీ వినపడని చోట అది ఊపిరి తీసుకుంది. పదిసార్లు విన్నాను. పదిసార్లూ అంతే. హెడ్‌ఫోన్ వినుత చెవులకు పెట్టాను.

"చౌడవ్వ గదా ఇది," అంది.

చౌడమ్మను భజనలో ఎవరూ లెక్కపెట్టరు. శనివారం శనివారం మందిరంలో వెనక స్తంభానికి ఆనుకొని దేవుడికి పూలు కడుతూ కూర్చుంటుంది. కడుతూ తనలో తాను పాడుకుంటుంది. చేతులు పూల మీద ఉండడం వల్ల ఎప్పుడూ అర చరణం వెనకబడుతుంది. ఊళ్ళో పిల్లలు ఆమెను అనుకరించి నవ్వుకుంటారు. ఒకప్పుడు వినుత కూడా ఆ పిల్లల్లో ఒకతి.

వినుత హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె మొహం మారిపోయింది.

"పోయిన ఏడు ఏకాహం నాడు సాయంత్రం అవ్వ డైరీకి వచ్చింది. కోడలు నయన కాన్పుకు పుట్టింటికి పోయిందని క్యాను తానే ఎత్తుకొచ్చింది. వరుసలో నిలబడి నామం అంటాంటే, అవ్వా, రవ్వంతసేపు నోరు మూసుకో, నాకు రీడింగు తప్పుతాది అని నేనే అన్యా."

ఐదున్నరకా అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. అవ్వ స్తంభం దగ్గర లేని పూటే నామం తెగింది.

మామకు హెడ్‌ఫోన్ పెట్టింది కూడా వినుతే. ఆయన నాలుగు చుట్లు విన్నాడు. కళ్ళు తెరిచి, "ఎన్నేండ్లుగా?" అన్నాడు.

"నువ్వే చెప్పల్ల నాయనా."

"పూలు కట్టేకి వస్తాందనుకొంటిని," అన్నాడు. తరవాత చొక్కా తొడుక్కొని నేరుగా నంజప్ప ఇంటికి నడిచాడు. అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు గానీ, గంట తరవాత ఇద్దరూ మా అరుగు మీద కూర్చొని కాఫీ తాగుతున్నారు. "నా ఊపిరి గాదని చెప్తే విన్యావా?" అని నంజప్ప దెప్పుతూనే ఉన్నాడు, మామ తల వంచుకొని దెప్పించుకుంటున్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఇద్దరికీ గిటారు వాయించి వినిపించాను. మామ తీగ దిగిందన్నాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ మామకు నిజం దాచుకోవడం రాదు. నాలుగో శనివారం చౌడమ్మను పిలిచి, నామం నిలబెట్టేది నువ్వేనమ్మా, ముందుకొచ్చి మైకు దగ్గర కూర్చో అన్నాడు. ఆమె పెళ్ళినాటి పట్టుచీర కట్టుకొని వచ్చింది. పూలబుట్ట ముట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకొని, నంజప్ప నోటి వైపే చూస్తూ, జీవితంలో మొదటిసారి అందరితో సమానంగా పాడింది, అందరితో సమానంగా ఊపిరి తీసుకుంది. నామం చివర గొయ్యి తవ్వినట్టు ఖాళీ. మామ నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను.

"ఈ పొద్దు ఒక్క తావ గూడా తప్పలేదన్నా," అంది చౌడమ్మ. ఆ మొహం నిండా ఆనందం. నేనే వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు పాడకపోయినా మాకు నష్టం లేదు గానీ, దేవునికి పూలు లేవు. వెనక కూచొని కట్టు."

"పూలు కడతా పాడేకి నాకు కాదప్పా. వెనకబడతా."

"వెనకబడల్ల అవ్వా. నువ్వు వెనకబడితేనే మాకు జరుగుబాటు."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. అల్లుడు ఎగతాళి చేస్తున్నాడేమోనని మామ వైపు చూసింది. మామ రెండు చేతులూ జోడించాడు. ఆమె లేచి స్తంభం దగ్గరకు వెళ్ళింది. ఆమె చూడకుండా పూలబుట్ట వెనక నేను ఇంకో మైకు పెట్టాను.

శ్రావణ శనివారం వచ్చింది. పొద్దున్నే దీపం పెట్టారు. మామ నామం ఎత్తాడు. మధ్యాహ్నందాకా మందిరం నిండా జనం, నా పెట్టె అవసరమే లేదు. నాలుగున్నరకు ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. ఐదు కొట్టేసరికి పోయిన ఏడు మిగిలిన ముసలివాళ్ళే మిగిలారు. నేను పెట్టెలో అర నిమిషం పట్టి ఉంచుకొని, పెడల్ మీద కాలు పెట్టి సిద్ధంగా కూర్చున్నాను. అప్పుడు చౌడమ్మ పూలబుట్ట పక్కకు జరిపి లేచింది.

కోడలు నయన చంటిబిడ్డతో గుడిబండెలో ఎవరిదో నామకరణానికి వెళ్ళి, బస్సు దొరక్క ఇంకా రాలేదట. కొడుకు లారీ మీద పోయాడు. పాలు పిండి క్యాను మందిరం అరుగు మీదే పెట్టుకొచ్చింది. "పోసేసి బిరీన వస్తా," అని సైగ చేసింది.

నంజప్ప నామం ఎత్తుకుని ఉన్నాడు. మామ తాళాలు పక్కవాడికిచ్చి లేచాడు.

"నువ్వు కూచో చౌడమ్మా. నేను పోసొస్తా."

"నేను పోతా మామా," అని నేను లేచాను. "నువ్వు గడప దాటకూడదు గదా."

"దాటకూడదని నాకు నేనే పెట్టుకొంటి. తెగకూడదనేది స్వామి పెట్టింది." మామ గొంతు తగ్గించాడు. "ఇన్నేండ్లు నేనే మోస్తాండాననుకొంటి. ఒక గంట దించి చూస్తా. ఆ మిషను ఆపేయప్పా."

ఆపడం నాకు ఇష్టం లేదు. ఆపితే ఇంక ఆసరా ఏమీ లేదు. అయినా ఆపాను. మామ గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కుడికాలు బయట పెట్టాడు. చౌడమ్మ నోరు తెరుచుకొని చూసి, మళ్ళీ కూర్చొని దారం అందుకుంది. క్యాను మోసే సాకుతో నేను ఆయన వెంట వెళ్ళాను. క్యాను మాత్రం నాకు ఇవ్వలేదు.

డైరీ ముందు వరుసలో ఉన్నవాళ్ళు ఆయన్ను చూసి బిత్తరపోయారు. ముందుకు రమ్మని దారి ఇచ్చారు. ఆయన వెళ్ళి అందరికన్నా చివర నిలబడ్డాడు. మందిరం మీది లౌడ్‌స్పీకర్‌లోంచి నంజప్ప గొంతు వస్తోంది. నామం చివరికి వచ్చింది. మామ వేళ్ళు క్యాను పిడి మీద బిగుసుకున్నాయి. నంజప్ప ఆగాడు. అందరూ ఆగారు. సన్నగా, తడబడుతూ, ఆ గొంతు ఒక్కటే వచ్చింది. తరవాత నంజప్ప మళ్ళీ అందుకున్నాడు.

ఇంకో చుట్టు తిరిగింది. ఇంకొకటి. ప్రతి నామం చివరా మామ వేళ్ళు బిగుసుకుంటున్నాయి, ప్రతిసారీ వదులవుతున్నాయి. వరుస ముందుకు జరుగుతోంది. ముందున్న యశోదమ్మ ఇంక ఆగలేక వెనక్కి తిరిగింది.

"ఏమప్పా, నువ్వు ఈడుంటే ఆడ నామం యట్ల నడుస్తాది?"

మామ క్యాను కింద పెట్టాడు. మందిరం వైపు చెయ్యి చూపించాడు.

"నడుస్తాంది గదమ్మా, విను. నేను లేకపోయినా నడుస్తాంది."

ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. వాటిని తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. ఏడాదిలో మొదటిసారి మా మామ నోరారా నవ్వుతున్నాడు.

వరుసలో ఆయన వంతు వచ్చింది. వినుత తల ఎత్తి చూసింది. తండ్రిని, ఆయన చేతిలోని క్యానును చూసి, చేస్తున్న పని ఆపేసింది.

"ఎవురి పాలు నాయనా?"

"చౌడమ్మవి," అన్నాడు మామ. "ఆయమ్మకు తీరిక లేదు. పాడతాంది."